గొలుసుకి, లాక్స్‌టన్ పొలాల మీంచి

న్యూవార్క్
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ గొలుసూ,

ముందు తిట్టాల్సినవన్నీ తిట్టేసి అప్పుడు చదువు. దసరాకి నువ్వు రాసిన ఉత్తరం అందింది. దీపావళి మర్నాడు రాసిందీ అందింది. దాంట్లో పెట్టిన చింతాకు పొడైపోయి కవర్లోంచి రాలింది, ఆ పొడి కూడా దాచుకున్నాను. జవాబు మాత్రం రాయలేదు. తప్పు నాదే. ఫోన్లో మాట్లాడుకుంటున్నాం కదా అంటే నువ్వు ఒప్పుకోవు, ఒప్పుకోవద్దు కూడా. పదో తరగతి పరీక్షలు అయిపోయిన రోజు మూడో చింతచెట్టు కింద అనుకున్న మాట నాకు గుర్తుంది.

ఇంటి కబుర్లు గబగబా చెప్పేస్తాను. అందరం బాగున్నాం. పెద్దదానికి పళ్ళకి క్లిప్పు వేశారు. చిన్నాడు నెయ్యి లేకపోతే ముద్ద ముట్టడు. మీ చెల్లెమ్మ ఉద్యోగం పర్మనెంట్ అయింది. నాకు మళ్ళీ నైట్ షిఫ్టులు. చలి మొదలైంది. అంతే.

ఇప్పుడు అసలు సంగతి. మూడు రోజులుగా ఎవరికి చెప్పుకోవాలో తెలియక కొట్టుకుపోతున్నాను. ఇది నీకే చెప్పాలి, నీ తర్వాత బాబాయికి చెప్పాలి. ఉత్తరం చదివాక ఆయన పక్కన కూర్చుని పైకి చదివి వినిపించు. మధ్యలో ఆపొద్దు.

మొన్న గురువారం నేను పొలం హద్దుల పంచాయితీ చూశాను రా. ఇంగ్లండ్‌లో!

మా షిఫ్టులో ఒక పెద్దాయన ఉన్నాడని రాశానే, టీలో ఉప్పు వేసుకున్నాడని... ఆయనే. టీ తాగే టైములో ఒకసారి ఆయనకి మన పుంత కథ, ఊరి బండిదారి ఆక్రమణ అయిపోయిన కథ చెప్పాను. బాబాయి ఎన్నేళ్ళు తిరిగారో, ఎన్ని అర్జీలు పెట్టారో అంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "నవంబరు ఆఖరి గురువారం సెలవు పెట్టు, నీకొకటి చూపిస్తాను" అన్నాడు. ఏంటో చెప్పలేదు. సెలవు పెట్టాను.

ఊరి పేరు లాక్స్‌టన్. మా న్యూవార్క్ నుంచి కారులో అరగంట. నాటింగ్‌హామ్‌షైర్ జిల్లాలో చిన్న పల్లె. ఒక చర్చి, ఒక పబ్బు, ఒక వీధి, అటూ ఇటూ రైతుల ఇళ్ళు. కారు దిగగానే ఏదో తెలిసిన చోటికి వచ్చినట్టు అనిపించింది, ఎందుకో వెంటనే అర్థం కాలేదు. కాసేపటికి తట్టింది. ఈ దేశంలో ఎక్కడ చూసినా రైతు ఇల్లు పొలం మధ్యలో ఒంటరిగా ఉంటుంది, చుట్టూ కంచెలు, మొక్కల దడులు. ఇక్కడ అలా లేదు. రైతులందరూ ఊళ్ళో పక్కపక్కనే ఉంటారు. కొట్టాలు, గాదెలు ఇంటిని ఆనుకునే ఉన్నాయి. పొలాలు మాత్రం ఊరి బయట. అచ్చం మనలాగే. పొద్దున్నే లేచి చేలోకి పోతారు, సాయంత్రం ఊళ్ళోకి వస్తారు.

ఊరి చుట్టూ మూడు పెద్ద పొలాలు: వెస్ట్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్. మూడూ కలిపి సుమారు 480 ఎకరాలు. వాటి మధ్యలో ఎక్కడా కంచె లేదు. ఒక్కో రైతుకి మూడింట్లోనూ అక్కడొకటి ఇక్కడొకటి పొడుగాటి మళ్ళు ఉంటాయి. ఒక ఏడు గోధుమ, మరుసటి ఏడు వసంతంలో వేసే పంట, మూడో ఏడు బీడు. ఏ పొలంలో ఏ ఏడు ఏమిటన్నది ఒక్కడు నిర్ణయించుకుంటే కుదరదు, అందరూ కలిసి నడవాలి. ఒకప్పుడు ఇంగ్లండ్‌లో చాలా చోట్ల సేద్యం ఇలాగే ఉండేదట. ఇప్పుడు ఈ పద్ధతి పూర్వపు కోర్టుతో సహా మిగిలింది ఈ ఊళ్ళోనే.

మన గట్టు లాంటి గట్టు కూడా లేదు రా వాళ్ళ మళ్ళ మధ్య. ఒక చాలు, అంతే! ట్రాక్టరు మీద కాస్త ఏమరుపాటుగా ఉంటే పక్కవాడి మట్టి నీదైపోతుంది. మన ఊళ్ళో అయితే ఈపాటికి తలకాయలు పగిలేవి. అందుకనే వాళ్ళకి జ్యూరీ ఉంది.

పన్నెండు మంది. అందరూ అక్కడి రైతులే, ఆ పొలాల్లో దున్నేవాళ్ళే. వాళ్ళకొక పెద్ద ఉంటాడు, ఫోర్‌మన్ అంటారు. ప్రతి ఏడూ నవంబరు ఆఖర్న, గోధుమ విత్తిన పొలాన్ని వీళ్ళు తిరిగి చూడాలి. బండిదారి మీదికి ఎవరైనా దున్నేశారా, సైకుల్లోకి వచ్చేశారా అని. సైకు అంటే, వాలుల్లో తడిగా ఉండి నాగలికి లొంగని నేలని దున్నకుండా గడ్డికి వదిలేసిన పట్టీ. వందల ఏళ్ళుగా నాగలి తగలని నేల కాబట్టి అక్కడ మొలిచే గడ్డీ పూలూ మిగతా చోట్ల అరుదుగా కనపడేవి, వాటిని ప్రభుత్వం కూడా చట్టంతో కాపాడుతోంది. అది ఏ ఒక్క రైతుదీ కాదు. ఊరుమ్మడి.

పొద్దున్న ట్రాక్టరు వెనక ట్రక్కులో అందరూ ఎక్కారు. గుంజలు, పెద్ద సుత్తి, పారలు కూడా వేసుకున్నారు. మేము వెనక నడిచాం. బురద గురించి చెప్పను, చెబితే నువ్వు ఏరు దాటిన రోజు గుర్తుచేస్తావు. ముక్కు మీద నీళ్ళు గడ్డకడతాయేమో అన్నంత చలి. పాత గుంజలు ఎక్కడున్నాయో చూసుకుంటూ, ఒకదాని నుంచి ఇంకొకదానికి కంటితో గీత లాగినట్టు చూస్తూ నెమ్మదిగా వెళ్ళారు. చాలా చోట్ల తల ఊపి ముందుకి కదిలారు.

ఒక చోట ఆగారు.

ఫోర్‌మన్ కిందికి దిగాడు. ఇంకో ఇద్దరు దిగారు. పచ్చగా మొలిచిన గోధుమ చివర, సైకు గడ్డి మొదలవ్వాల్సిన చోట, నల్లగా తిరగబడ్డ మట్టి కనిపించింది. ఎంతని? మూరెడు ఉంటుందేమో. మూరెడు కూడా లేదేమో. ఎవరూ గొంతు పెంచలేదు. అటు గుంజ నుంచి ఇటు గుంజకి చూసుకున్నారు, ఒకాయన అడుగులు వేసి కొలిచాడు, ఏదో రాసుకున్నారు. నేను పెద్దాయన చెవిలో అడిగాను, ఈ మడి ఎవరిదని. ఆయన కళ్ళతో ట్రక్కు వైపు చూపించాడు.

ఆ రైతు ట్రక్కులోనే ఉన్నాడు రా. పన్నెండు మందిలో ఒకడు!

నాకు గుండె ఆగినట్టయింది. ఇప్పుడు మొదలవుతుంది అనుకున్నాను. "మా నాన్న హయాం నుంచీ ఇలాగే ఉంది" అంటాడు, "ముందు వాడి మడి చూడండి" అంటాడు, మన రచ్చబండ దగ్గర విన్న మాటలన్నీ నా చెవిలో గింగిర్లు తిరిగాయి. ఆయన దిగాడు. వచ్చి చూశాడు. తల ఊపాడు. కొత్త గుంజ తనే తీసుకుని, హద్దు ఉండాల్సిన చోట నిలబెట్టి రెండు చేతులతో పట్టుకున్నాడు. ఇంకొకాయన సుత్తితో కొట్టాడు. నాలుగో ఐదో దెబ్బలు. అంతే. చేతులు దులుపుకుని మళ్ళీ ట్రక్కెక్కాడు. ఎవరో ఏదో అన్నారు, అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు.

ఒరేయ్, నేను పక్కకి తిరిగి నిలబడాల్సి వచ్చింది. చలికి కళ్ళు కారుతున్నాయని పెద్దాయనతో అన్నాను. బాబాయి కళ్ళ ముందు మెదిలారు. పదకొండేళ్ళు. ముందు నాలుగు కొబ్బరి మొక్కలు, తర్వాత ముళ్ళకంచె, ఆ తర్వాత షెడ్డు, చివరికి పుంత మొత్తం పోయి ఎద్దులబండి ఇంకొకరి చేలోంచి పోవాల్సి వచ్చి, వాళ్ళ కాళ్ళు పట్టుకోవాల్సి వచ్చి... ఆ సంచీ ఇంకా ఉందా? ఖాకీ సంచీ, అర్జీల నకళ్ళు పెట్టుకునేది? ఆయనకి కావలసింది ఇదే కదా. నలుగురు వచ్చి చూసి, ఇది ఊరి దారి అని చెప్పి, ఒక గుంజ పాతడం. డబ్బు అడగలేదు, నేల అడగలేదు.

సరే. ఆ మాట ఇక్కడ ఆపుతాను.

తప్పు చేసినవాళ్ళ సంగతి గుంజ పాతిన రోజుతోనే అయిపోదు. వారం తర్వాత కోర్టు కూర్చుంటుంది, ఊళ్ళో ఉన్న డవ్‌కోట్ అనే పబ్బులో. ఆ కోర్టు పేరు కోర్ట్ లీట్. పూర్వం జమీందారు కోర్టు. ఆయన తరఫున ఒక స్టీవార్డ్ వచ్చి నడుపుతాడు. జ్యూరీ తను చూసింది చెబుతుంది, జరిమానాలు వేస్తారు, వచ్చే ఏటి పొలానికి కొత్త జ్యూరీ చేత ప్రమాణం చేయిస్తారు. జరిమానా చిన్నదే, కానీ ఊరందరి ముందు పేరు చదువుతారు, అదే పెద్దది. ఇదంతా ఉత్సవం కోసం ఆడే నాటకం అనుకోకు. దేశంలో ఇలాంటి పాత కోర్టుల అధికారాలన్నీ 1977లో ఒక చట్టం తెచ్చి తీసేశారు. లాక్స్‌టన్ కోర్టుకి మాత్రం అధికారం ఉంచారు.

ఇప్పుడు నీ పేరు సంగతి. కూర్చునే చదువు.

పబ్బు పక్కనే చిన్న మ్యూజియం లాంటిది ఉంది. అక్కడ పొలాల పటం నకలు చూశాను. 1635లో మార్క్ పియర్స్ అనే సర్వేయరు గీసింది. లండన్ వర్తకుడు సర్ విలియం కోర్టెన్ ఈ ఊరు కొనుక్కుని తనకి ఏం వచ్చిందో చూసుకోవడానికి గీయించాడు. అసలు పటం ఆక్స్‌ఫర్డ్‌లో బాడ్లియన్ లైబ్రరీలో ఉంది. ప్రతి మడీ, ప్రతి ఇల్లూ గీశాడు. పైగా చిన్న చిన్న మనుషులు కూడా: దున్నేవాళ్ళు, కోత కోసేవాళ్ళు, వేటాడేవాళ్ళు. పటంతో పాటు ఏ మడి ఎవరిదో రాసిన పుస్తకం. మన అడంగలూ, పొలం కొలతల ఎఫ్ఎంబీ పుస్తకమూ కలిపి ముందేసినట్టుంది. నీ చేతికిస్తే అన్నం మానేసి చూస్తావు.

ఆ మళ్ళు ఎందుకంత పొడుగ్గా, సన్నగా ఉన్నాయని పెద్దాయన్ని అడిగాను. ఎద్దుల్ని మాటిమాటికీ తిప్పడం కష్టం కాబట్టి ఒక దమ్ము పట్టినంత దూరం నేరుగా దున్నేవారట. ఆ చాలు పొడుగే ఫర్లాంగు. ఫర్లాంగంటే 220 గజాలు. అంత పొడుగు, 22 గజాల వెడల్పు దున్నితే ఒక ఎకరం, రమారమి ఒక రోజు అరక. 22 గజాలంటే 66 అడుగులు. 66 అడుగులంటే ఏంటి రా? గొలుసు! ఎడ్మండ్ గంటర్ అనే ఆయన 1620లో తయారుచేసిన కొలత గొలుసు. 66 అడుగులు, 100 లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. దాన్ని నూరు భాగాలు చేస్తే మన సెంటు. వెయ్యి చదరపు లింకులు.

మనం సెంటు అంటే 48 గజాల చిల్లర అని బట్టీ పట్టాం, ఆ చిల్లర ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పలేదు. ఇక్కడి ఎద్దు అలుపు తీర్చుకోవడానికి ఆగినంత దూరం మన ఊరి స్థలాల ధరల్లోకి వచ్చి కూర్చుంది. తొమ్మిదేళ్ళ వయసులో నువ్వు ఎత్తుకుపోయి దాచింది ఆ గొలుసునే. (ఎక్కడ దాచావో ఈ ఉత్తరంలో కూడా రాయను. బాబాయి వింటుంటారు.)

ఇంకో మాట బాబాయికి చెప్పు. అక్కడ బందెలదొడ్డి ఉంది! పిన్‌ఫోల్డ్ అంటారు. చేలో పడ్డ పశువుల్ని తోలుకొచ్చి కట్టేసి, జరిమానా కట్టాక వదిలేవారు. దాన్ని చూసుకునేవాడికి పిండర్ అని పేరు, ఊరి కొలువు. నేను దాని గోడ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. నీ గేదె, మా అమ్మ ముక్కుపుడక, ఆ శనివారం... నీకు తెలుసు.

అంతా తియ్యగా రాస్తున్నానని అనుకుంటావేమో. ఇంటికొచ్చాక ఈ ఊళ్ళ పాత పాలన గురించి చదువుకున్నాను. రెండు రాత్రులు నిద్రపోలేదు.

పారిష్ అంటే మొదట చర్చి కింద ఉండే ఊరు. మన రెవెన్యూ గ్రామం అనుకో. 1538 నుంచి బాప్తిస్మాలూ పెళ్ళిళ్ళూ ఖననాలూ చర్చిలోనే పుస్తకంలో రాయాలని రాజు ఆజ్ఞ. 1555లో ఇంకో చట్టం: ఊరి దారులు ఊరివాళ్ళే బాగుచేసుకోవాలి, ఏడాదికి నాలుగు రోజులు కూలి లేకుండా పని చెయ్యాలి. కొన్నేళ్ళకి ఆరు రోజులు చేశారు. వెట్టి అన్నమాట. 1601 నుంచి పేదల్ని పోషించే బాధ్యత కూడా పారిష్‌దే, దానికి ఊళ్ళో పన్ను. వినడానికి బాగుంది కదా. అక్కడే మెలిక. ఎవడి ఊరి పేదవాణ్ణి ఆ ఊరే సాకాలి కాబట్టి, పరాయి ఊరి పేదవాడు వస్తే తరిమేవారు. 1662 చట్టం దానికి దారి చూపించింది. నెలలు నిండిన ఆడమనిషిని బండెక్కించి పొలిమేర దాటించేసేవారట, బిడ్డ ఇక్కడ పుడితే ఖర్చు ఈ ఊరి మీద పడుతుందని. 1697 నుంచి, సాయం తీసుకునేవాడు భుజం మీద పెద్ద అక్షరం కుట్టుకుని తిరగాలి, పేదవాడని అందరికీ తెలిసేలా. ఇక్కడికి దగ్గర్లో సౌత్‌వెల్ అనే ఊళ్ళో 1824లో కట్టిన వర్క్‌హౌస్, అంటే పేదల్ని ఉంచి పని చేయించే ఇల్లు, ఇంకా ఉంది. భర్త ఒక వైపు, భార్య ఒక వైపు, పిల్లలు ఒక వైపు. పిల్లల్ని తీసుకెళ్ళి చూపించాను పోయిన వేసవిలో. పెద్దది ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు.

ఆ రైతు గుంజ పట్టుకున్న చేతులూ, బండెక్కించి తోలేసిన చేతులూ ఒకే రకం ఊరివాళ్ళవి. ఇది నాకింకా మింగుడుపడలేదు. ఊరంటే మంచిదని నువ్వూ నేనూ ఎన్ని రాత్రులు వాదించాం, ఆ కాలవ గట్టు మీద... దీని గురించి నువ్వు రాయాలి, నేను ఆలోచించలేకపోతున్నాను.

1894లో ఇవన్నీ మార్చారు. చర్చి పని చర్చికి వదిలేసి, ఊరి పనికి ఓట్లేసి ఎన్నుకునే పారిష్ కౌన్సిల్ పెట్టారు. ఆ చట్టం కింద ఆడవాళ్ళు కూడా ఓటెయ్యొచ్చు, నిలబడొచ్చు. పార్లమెంటుకి అప్పటికింకా వాళ్ళకి ఓటు లేదు. లాక్స్‌టన్‌కీ పక్కనున్న మూర్‌హౌస్‌కీ కలిపి ఒక కౌన్సిల్. సభ్యులకి జీతం ఉండదు. ఛైర్మన్‌ని సభ్యులే ఏటా ఎన్నుకుంటారు. ఖర్చుకి కావాల్సిన డబ్బు ఇంటిపన్నులో కలిపి పై వాళ్ళు వసూలు చేసి ఇస్తారు. మీటింగుకి మూడు రోజుల ముందే అజెండా అందరికీ కనపడేలా బోర్డు మీద అంటించాలి, చట్టం అది. మన ఊళ్ళో గ్రామసభ జరిగిందని మనకి ఎప్పుడు తెలిసేది? అయిపోయాక, టీ కొట్టు దగ్గర.

1984లో తాతగారు కరణం లెక్కలన్నీ మూటగట్టి అప్పజెప్పిన రోజు గురించి బాబాయి చెబుతుండేవారు కదా. తరాలుగా ఒక్క ఇంటికే ఆ పెత్తనం ఉండడం తప్పే, అది పోవాల్సిందే, తాతగారే ఆ మాట అన్నారని బాబాయి చెప్పారు. కానీ హద్దు చూసే పని ఎవరికి పోయింది? పై ఆఫీసుకి పోయింది. అది ఊరి చేతికి, పన్నెండు మంది రైతుల చేతికి రావాల్సింది అని నాకిప్పుడు అనిపిస్తోంది. నాది తప్పేమో, నువ్వు చెప్పు.

ఒకటి రాయడం మర్చిపోయాను. మిగతా ఇంగ్లండ్‌లో ఈ పొలాలన్నీ ఏమయ్యాయంటే, పార్లమెంటే ఊరూరికీ చట్టాలు చేసి కంచెలు వేయించింది. 1604 నుంచి మూడొందల ఏళ్ళలో 5 వేలకు పైగా చట్టాలు, 68 లక్షల ఎకరాలు. ఉమ్మడి బీళ్ళలో ఆవునో గొర్రెనో మేపుకుని బతికేవాళ్ళకి అది పోయింది. పుంత పోవడం ఎలా ఉంటుందో మనకి తెలుసు, అదే దేశం మొత్తం. లాక్స్‌టన్ మిగలడానికి ఒక కారణం, ఊళ్ళో భూమి ఉన్న ఇద్దరు పెద్ద ప్రభువులకి పొత్తు కుదరకపోవడమే అంటారు. ఆ తర్వాత 1952లో అప్పటి జమీందారు మాన్వర్స్ ప్రభువు, ఈ సేద్యం ఇలాగే సాగాలన్న ఉద్దేశంతో ఊరిని వ్యవసాయ శాఖకి అమ్మాడు. 1981లో అది రాచరికపు ఆస్తులు చూసే క్రౌన్ ఎస్టేట్‌కి పోయింది. 2020లో మళ్ళీ ఆ పాత జమీందారు కుటుంబానికే, థోర్స్‌బీ ఎస్టేట్‌కే వెళ్ళింది. రైతులు మాత్రం అప్పుడూ ఇప్పుడూ కౌలుదార్లే, నేల వాళ్ళది కాదు. ఇదీ బాబాయికి చెప్పు, దాచొద్దు.

కోర్టు ఈ వచ్చే గురువారం. దానికీ సెలవు అడిగాను, ఇస్తారో లేదో టెన్షన్‌గా ఉంది. ఇస్తే వెళ్ళి ఆ మూరెడుకి ఎంత వేశారో విని, ఈసారి ఆలస్యం చెయ్యకుండా ఆ రాత్రే రాస్తాను. నువ్వు నాకొక పని చేసి పెట్టు. మన బందెలదొడ్డి గోడ ఇంకా ఎంత నిలబడి ఉందో వెళ్ళి చూడు. చూసి ఊరుకోకు, కొలిచి రాయి, అడుగుల్లో వద్దు, లింకుల్లో. ఇంకా పుంత మొదట్లో ఉన్న ఆ సర్వే రాయి, చీమలపుట్ట పక్కన, దాని మీద అంకె ఇంకా కనపడుతోందా అని...

పెద్దాయన కారు వచ్చేసింది, హారన్ కొడుతున్నాడు. బూట్లు కూడా వేసుకోలేదు. మిగతాది

నీ
అరమూర